ఇంటి బండే పందెం బండి

మోటారుసైకిలు పందేల సంగతి మనకెందుకమ్మా, అది మగవాళ్ళు మాట్లాడుకునే విషయం కదా అని మీలో కొందరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని మొన్నీమధ్య రహమత్ నగర్‌లో మా అమ్మ ఇంటికి పాతసామాన్లవాడు వచ్చాడు. మెట్లకింద గోనెపట్టా కప్పుకుని పడివున్న పాత యెజ్డీని చూసి, తూకానికి ఇస్తారా అనడిగాడు. డెబ్బై ఏళ్ళ మా అమ్మ "అది అమ్మేది కాదు, నడువు" అని కసిరింది. ఒకప్పుడు ఆ బండి చప్పుడు వింటేనే మండిపడిన మనిషి! అప్పుడనిపించింది, ఈ కథలో మన పాలూ ఉందని.

మట్టిలో, గుట్టలమీద, గుంటల్లో మోటారుసైకిళ్ళు ఉరికించే పందేన్ని మోటోక్రాస్ అంటారు. 1924లో ఇంగ్లండులో, కేంబర్లీ అనే ఊరి దగ్గర బీడునేల మీద జరిగిన పందెం దీనికి మొదలని చెబుతారు. 1957లో పెద్దబండ్లకు, అంటే 500 సీసీ వాటికి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. 1966 నుంచి వరసగా మూడేళ్ళు ఆ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు తూర్పు జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్. అతను నడిపింది చెకోస్లవేకియాలో తయారైన సీజెడ్ బండి. ఆ సీజెడ్‌కి తోబుట్టువులాంటిదే జావా. ఆ జావానే 1961లో మన మైసూరులో తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 1973 నుంచి దానికి యెజ్డీ అని పేరొచ్చింది. కాబట్టి మా మెట్లకింద బండికి ప్రపంచ ఛాంపియన్లతో దూరపు చుట్టరికం ఉందన్నమాట. నవ్వకండి, మా బాబాయి ఈ చుట్టరికం చెప్పుకునే సగం బస్తీని తనవైపు తిప్పుకున్నాడు.

పైదేశాల్లో పందెం బండి వేరు, ఇంటి బండి వేరు. పందెం బండికి దీపం ఉండదు, బరువు తక్కువ, టైర్లకు మట్టిని పట్టుకునే పెద్దపెద్ద ముళ్ళు, ఎగిరి కిందపడ్డా నడుం విరగకుండా పొడుగాటి స్ప్రింగులు. మనకా రోజుల్లో అలాంటివి తెప్పించుకోవడం సామాన్యుడి తరమా? దిగుమతుల మీద ఆంక్షలు. 1980ల నడిమి వరకు మన రోడ్లమీద మోటారుసైకిలంటే ముఖ్యంగా మూడే: బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ. రాజ్‌దూత్‌ని పాలవాళ్ళ బండి అనేవారు. అందుకని కుర్రాళ్ళు ఏ బండిమీద శనివారం రేషన్ బియ్యం తెచ్చారో, దాన్నే ఆదివారం పందెంలో దింపేవారు.

మా ఇంట్లో జరిగిందీ అదే. నాన్న 1982లో కొన్న యెజ్డీ ఆయన ఆఫీసు బండి. బాబాయి ఒకసారి మద్రాసు వెళ్ళి, యుద్ధకాలంలో విమానాలు దిగిన షోళవరం రన్‌వే మీద జరిగే పందేలు చూసొచ్చాడు. అవి చదునైన నేలమీద పందేలే అనుకోండి. మా వైపు చదునెక్కడుంది? ఎటు చూసినా రాళ్ళ గుట్టలే. ఆదివారం తెల్లారకముందే బాబాయి దీపం, మడ్‌గార్డులు, వెనక క్యారియరు విప్పి వరండాలో పరిచేవాడు. వాటిమీద కాలు పడకుండా దాటుకుంటూ అమ్మ పాలగిన్నె తెచ్చుకునేది. ఆ ఇంజనుకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి, లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు. బాబాయి కంటి అంచనాతో పోస్తే ఇల్లంతా పొగ. చివరికి అమ్మే దగ్గుమందు సీసా మూతతో కొలిచి, "లీటరుకు నాలుగు మూతలు" అని లెక్క కట్టింది. ఇంజను బాగుండటంలో సగం ఖ్యాతి ఆ మూతదే అని నా ఉద్దేశం. మరి ఆ మాట ఎవరైనా అన్నారా?

ఒక రోజు అమ్మ అడిగింది, "గెలిస్తే ఏమిస్తార్రా?" అని.

"కప్పు, వదినా."

"సరేలే, కందిపప్పు కొలుచుకోవడానికి పనికొస్తుంది."

1988లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, గుట్ట వెనక మట్టిదారిలో ఆ పందెం చూశాను. బాబాయి సీటుమీద కూర్చోలేదు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి మోకాళ్ళు వంచాడు. గుంటొస్తే బండి తన్నుకుంటుంది, మనిషి తన్నుకోకూడదట. అదంతా బాగానే సాగింది. కాని పక్కనొక కుర్రాడు ఆర్ఎక్స్-100 మీద వచ్చాడు. 1985లో వచ్చిన ఆ జపాను రకం బండి బరువు వంద కిలోలూ చిల్లర. మాది 130 కిలోలు దాటినది. దిగుడులో అతన్ని దాటబోయి బాబాయి రాతికి కొట్టాడు. ముందు ఫోర్కులు వంగిపోయాయి. మోకాలు చిట్లింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల మిగిలింది, అది కూడా ఎరువు తెచ్చిందే.

సోమవారం నాన్న బస్సుకు నిలబడ్డారు. అలా పదిహేను రోజులు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే బాబాయిని ఎక్కువ కొట్టింది. మరమ్మతు డబ్బు అమ్మ చీటీ పాడి ఇచ్చింది, ఆ యేడు చేయించుకోవాలనుకున్న గాజులు మానుకుని. పందేల చరిత్ర రాసినవాళ్ళు ఎన్ని హార్స్‌పవరో రాస్తారు, ఎన్ని సెకన్లో రాస్తారు. ఇలాంటి చీటీల లెక్క ఎవరూ రాయగా నేను చూడలేదు.

నేనూ ఎక్కాను లెండి. పదహారో ఏట, అమ్మ పొరుగింటికెళ్ళిన సమయం చూసి. యెజ్డీకి ఒకే కడ్డీ: లోపలికి నొక్కి వెనక్కి తిప్పి తన్నితే స్టార్టరు, ముందుకు మడిస్తే అదే గేరు. మడవడం మర్చిపోయాను. గల్లీ చివర వేపచెట్టు దగ్గర పడ్డాను. అమ్మ పసుపు పెట్టి, నాన్నకు మెట్లమీద జారిందని చెప్పింది. తర్వాత ఎక్కడో చదివాను, అమెరికాలో కెర్రీ క్లైడ్ అనే అమ్మాయి 1971లో మోటోక్రాస్ లైసెన్సు కోసం కోర్టుదాకా వెళ్ళిందని. ఆడవాళ్ళకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చింది 2008లో. 2019లో మన బెంగుళూరు పిల్ల ఐశ్వర్యా పిస్సే బాహా పందేల్లో, అంటే ఎడారుల్లో, కొండదారుల్లో జరిగేవాటిలో, మహిళల ప్రపంచ కప్పు తెచ్చింది. ఆ వార్త అమ్మకు చదివి వినిపిస్తే, "ఆ పిల్ల పడలేదా?" అనడిగింది. పడిందమ్మా, ఎముకలు విరిగాయి, మళ్ళీ లేచిందని చెప్పాను. "వాళ్ళమ్మ ఏమందో" అంది.

మైసూరు కార్ఖానా 1996లో మూతపడింది. యెజ్డీ పేరుతో కొత్తబండ్లు 2022లో వచ్చాయి, కాని ఆ పాత రెండు సైలెన్సర్ల మోత వేరు. నాన్న పోయి ఆరేళ్ళయింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి. ఆ కాగితాలు అమ్మే ఇనప్పెట్టెలో దాచి, గడువు దగ్గరపడితే నాకు ఫోను చేస్తుంది.

ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ ఉన్నవాళ్ళు ఊరూరా బండ్లు బయటికి తీస్తారు. ఈసారి బాబాయి వచ్చాడు. అరవై నిండుతున్నాయి, ఆ మోకాలు ఇప్పటికీ పూర్తిగా మడవలేడు. గోనెపట్టా తీసి, పెట్రోలు పోసి, ఆయిలు డబ్బా ఎత్తబోతే అమ్మ ఆపింది. లోపలికెళ్ళి మూత తెచ్చింది. నాలుగు కొలిచింది. ఏడో తన్నుకు అంటుకుంది. గల్లీ అంతా నీలం పొగ, పిల్లలు మేడల మీదినుంచి తొంగిచూశారు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ మోతలోనే అరిచింది:

"ఒరేయ్, దీపం మాత్రం విప్పకు!"