ఒక ఎరుపు కోసం పదేళ్లు

మొన్న వేసవిలో మావాడి పాత సైకిలు ఫ్రేముకి క్యాండీ ఎరుపు కొడదామని కూర్చున్నా. స్ప్రే డబ్బాలు, గరుకు కాగితం, మాస్కు అన్నీ తెచ్చుకున్నా. తీరా చూస్తే ఒకవైపు టమాటా, ఇంకోవైపు బీట్‌రూటు. "నాన్నా, రెండు సైకిళ్లు అతికించావా?" అన్నాడు మావాడు. ఆ ఉక్రోషంలోనే, అసలీ రంగు ఎవరు కనిపెట్టారా అని వెతికాను.

మేముండే ఫ్రీమాంట్‌కి దగ్గర్లోని హేవర్డ్ ప్రాంతం వాడేనట, జో బైలాన్! కారు వెనక దీపం ఎర్రటి మెరుపు చూసి, అలాంటి రంగు కారంతా ఉండాలనుకున్నాడు. దానికోసం 1956 దాకా, దాదాపు పదేళ్లు కుస్తీ పట్టాడని చెబుతారు.

కిటుకు ఎరుపులో లేదు. కింద బంగారు రంగు మెరుపు పూత, దానిమీద ఎరుపు కలిపిన పారదర్శకమైన పూతలు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్. వెలుతురు ఎరుపులోంచి లోపలికెళ్లి, బంగారానికి తగిలి, మళ్లీ ఎరుపులోంచే బయటికొస్తుంది. మామూలు పెయింటు ఎన్ని పూతలేసినా అదే రంగు. ఇది పూత పూతకీ ముదురుతుంది. గన్ ఒక్కచోట క్షణం ఆగినా మచ్చే, వరసలు సరిగ్గా కలవకపోతే చారలే. అండూ బటన్ లేదు మహాప్రభో! నేను ఒకవైపు మూడు పూతలు, ఇంకోవైపు "ఇంకొక్కటి" అంటూ ఐదు వేశాను. అదీ నా బీట్‌రూటు కథ.

అయితే అంతా బైలాన్ ఘనతే అంటే ఒప్పుకోను. 1923లో డ్యూపాంట్ డ్యూకో లాకర్ తెచ్చింది. అంతకుముందు వార్నిష్ పూతలతో కారు ఆరి తయారవడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరేది. ఆ లాకర్లే లేకపోతే షెడ్డులో ఒక్కడు పూతమీద పూత వేసి చూసే వీలెక్కడిది?

ఇక ఆ రంగుని నెత్తిన పెట్టుకుంది లోరైడర్ కుర్రాళ్లు, ముఖ్యంగా ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్లు. కారు బాడీ చక్రం రిమ్ముకంటే కిందకి దిగకూడదని కాలిఫోర్నియా 1950ల చివర్లో చట్టం తెచ్చింది. తర్వాత వీధుల్లో క్రూజింగ్ మీదా ఊరూరా నిషేధాలు పెట్టుకోనిచ్చింది. అలాంటి కారే, జెస్సీ వలాడెజ్ 1964 ఇంపాలా 'జిప్సీ రోజ్', ఒళ్లంతా గులాబీ పూలతో 2017లో వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో చారిత్రక వాహనంగా అద్దాల పెట్టెలో నిలబడింది. అప్పటికి జెస్సీ లేడు, 2011లోనే పోయాడు. కాలిఫోర్నియా ఆ చట్టాల్ని ఎత్తేసింది మాత్రం 2024 జనవరి నుంచి. మ్యూజియం మర్యాద ముందు, రోడ్డు మీద మర్యాద ఏడేళ్ల తర్వాత! నాకిది మింగుడు పడలేదు.

సైకిలంటారా, మొత్తం గీకేశాను. ఈసారి పాత రేకు ముక్కల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు పూతలు వేసి, వెనక అంకెలు రాసి గరాజ్‌లో వేలాడదీశాను. మావాడు మూడో నంబరు రేకు చూపించాడు.