గుంటూరు, ప్రకాశం మెట్టలో దోసావకాయ

దోసకాయను పొయ్యి ఎక్కించకుండా, చిన్న ముక్కలుగా తరిగి ఉప్పు, ఆవపిండి, కారం, నూనె కలిపి ఆ పూటకో మర్నాటికో వడ్డించేది దోసావకాయ. రోట్లో నూరిన వేపుడు మిరపకాయల కారంలో పచ్చి ముక్కలు కలిపి తాలింపు వేస్తే అది దోసకాయ ముక్కల పచ్చడి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈ రెండూ అరగంటలో అయ్యే వంటలు. మామిడి ఆవకాయ ఏడాది పొడుగునా జాడీలో నిలిచే వస్తువు కాగా, దోసావకాయ వారం దాటితే రుచి చెడుతుంది. అందుకే దీనికి జాడీ కట్టే తంతు లేదు, ముహూర్తం లేదు, మడి ఆచారాల పట్టింపూ అంతగా లేదు. అయినా ఈ పూట పచ్చడిలో కలిసే ఒక్కొక్క సరుకు వెనక ఈ మెట్ట ప్రాంతపు చరిత్ర కొంత దాగి ఉంది.

దోస జాతులు

తెలుగువారు దోస అని పిలిచే కాయలన్నీ ఒకే జాతివి కావు. చక్రాలుగా కోసుకుని తినే కీర దోస శాస్త్రనామం కుకుమిస్ సటైవస్. పప్పులోకీ పచ్చడిలోకీ వాడే గుండ్రటి పసుపుపచ్చ దోసకాయ ఖర్బూజాకు దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని కుకుమిస్ మెలో జాతిలో చేరుస్తారు. ఖర్బూజా తీపి దీనికి లేదు. కండ గట్టిగా, కాస్త పులుపుగా ఉంటుంది. కీర ముక్క ఉప్పు తగలగానే నీరు వదిలి మెత్తబడితే, దోసకాయ ముక్క మర్నాటికి కూడా కరకరలాడుతుంది. పచ్చడికి ఈ కాయనే ఎంచుకోవడానికి కారణం ఇదే. చేలలోనూ గట్ల మీదా తనంతట మొలిచే చిన్న బుడమకాయ కూడా ఈ కుటుంబంలోదే. దాన్ని ఎండబెట్టి వరుగులు చేస్తారు.

ఈ రెండు జాతులూ ఆసియాలో పుట్టినవేనని 2010లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. కీర దోసకు మూలమైన అడవి రకం ఇప్పటికీ హిమాలయ పాదాల్లో పెరుగుతోంది. ఋగ్వేదంలోని మృత్యుంజయ మంత్రం బంధ విముక్తిని చెప్పడానికి తీగ నుంచి విడివడే ఉర్వారుకాన్ని పోలికగా తెచ్చింది. ఉర్వారుకం అంటే దోసపండని సంప్రదాయ అర్థం. పండగానే తొడిమ నుంచి తేలిగ్గా ఊడివచ్చే గుణం మెలో జాతి కాయల్లో బాగా కనిపిస్తుంది.

పల్నాడు నుంచి ఒంగోలు దాకా పరుచుకున్న నల్లరేగడి భూముల్లో దోసకు ప్రత్యేకంగా మడి కట్టేవారు కాదు. తొలకరికి పత్తి, జొన్న, కంది విత్తేటప్పుడు గుప్పెడు దోసగింజలు కలిపి చల్లేవారు. సాళ్ల మధ్య తీగ పాకి నేలను కప్పేది. అమ్మకానికి పత్తి, తిండికి జొన్న, కూరకు దోస అన్నట్టు ఒకే చేను మూడు అవసరాలు తీర్చేది. పండిన దోసకాయ తోలు మందం కాబట్టి, కోశాక ఇంట్లో ఒక మూలన పెడితే వారాల తరబడి చెడదు. కాలవ నీరు లేని మెట్ట ఊళ్లలో ఆకుకూర దొరకని రోజుల్లో ఇంట్లో ఉండే కూరగాయ ఇదే.

మిరపకు ముందటి ఘాటు

నేడు గుంటూరు పేరు చెబితే మిరపకాయ గుర్తొస్తుంది గాని, ఈ ప్రాంతపు పచ్చళ్లు మిరపకన్నా పాతవి. మిరప రాకముందు నాలుకను చురుక్కుమనిపించినవి రెండు: మిరియాలు, ఆవాలు. మిరియం మలబారు కొండల పంట, ఇక్కడికి సముద్రం మీదో బండ్ల మీదో రావలసిందే. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం విదేశీ వర్తకులకు రక్షణ ప్రకటించి, సరుకుల మీద సుంకాలను నిర్ణయించింది. కర్పూరం, గంధం, ముత్యాలు, పట్టునూలు వంటి వాటితో పాటు మిరియాలు కూడా ఆ సుంకాల పట్టికలో ఉన్నాయి. చినగంజాం దగ్గరి ఆ రేవులో మిరియం పన్ను కట్టి దింపుకునే ఖరీదైన దినుసు.

ఆవాలు అలా కాదు. అవి ఈ దేశపు పంట, చవక, ఇంటింటా ఉండేవి. కొండవీటి దుర్గాన్ని 1515లో గజపతుల నుంచి గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యద కావ్యంలో భక్తుడైన విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. వానాకాలపు విస్తట్లో వరుగులు, వడియాలు ఉన్నాయి. చలికాలపు విస్తట్లో మిరియాల పొడి చల్లిన కూరలు, ముక్కుకెక్కే ఘాటున్న ఆవ పచ్చళ్లు, ఊరగాయలు ఉన్నాయి. మిరపకాయ మాత్రం ఎక్కడా కనిపించదు. కథ తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులో జరిగినా, ఆ విస్తరిలోని రుచులు తెలుగు రాజు ఎరిగినవే.

ఆ పాత రుచి ఆనవాలు ఇళ్లలో ఇంకా ఒకచోట మిగిలింది. అనేక కుటుంబాల్లో తద్దినం వంటకు మిరపకాయ వాడరు, కారానికి మిరియాలే వేస్తారు. బయటి నుంచి వచ్చిన దినుసును పితృకార్యానికి దూరంగా ఉంచిన ఆచారం, మిరప రాకముందు వంట ఎలా ఉండేదో తెలియకుండానే కాపాడుతూ వచ్చింది.

మిరప రాక

మిరప అమెరికా ఖండాల మొక్క. కొలంబస్ 1492లో అక్కడికి చేరాకే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. 1498లో కళ్లికోట చేరి, 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారి ఓడల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చింది. కొత్త కాయకు తెలుగువారు కొత్త పేరు వెతకలేదు. మిరియంలా మండే కాయ గనుక మిరియపు కాయ అన్నారు, అదే నోళ్లలో నలిగి మిరపకాయ అయింది. కారం అనే మాట కూడా అంతే. ఒకప్పుడు ఒక రుచి పేరుగా ఉన్నది, నేడు చాలా ఇళ్లలో మిరపపొడికే పేరైంది.

మిరియాన్ని మిరప తోసిరాజనడానికి కారణం రుచి ఒక్కటే కాదు. మిరియం తీగకు ఎడతెగని వానలు, కొండ నీడ కావాలి, ఈ మెట్టలో అది బతకదు. మిరప మొక్క నల్లరేగట్లో, పొడి ఎండల్లో హాయిగా కాస్తుంది, కాయలు కళ్లంలోనే ఎండుతాయి. రేవులో సుంకం కట్టి కొనవలసిన ఘాటు సొంత చేలో దొరికింది. దాంతో సంపన్నుల విస్తరికే చెందిన ఆ ఘాటు కూలివాని సంగటి ముద్ద దాకా చేరింది.

అయితే మిరప వచ్చినా ఆవ పోలేదు. ఆవపిండి పచ్చడి మీద మిరపకారం ఒక కొత్త పొరలా వచ్చి చేరింది. దోసావకాయ అనే పేరును విడదీస్తే దోస, ఆవ, కాయ అనే మూడు మాటలు వస్తాయి. ఎరుపు రంగూ మంటా మిరపవే అయినా పేరులో దానికి చోటు లేదు.

గుంటూరు మిరపకు దేశవ్యాప్తమైన ఖ్యాతి తెచ్చింది 20వ శతాబ్దం. గుంటూరు పక్కనున్న లాం పరిశోధన కేంద్రం నుంచి జి4 అనే భాగ్యలక్ష్మి, జి5 అనే ఆంధ్రజ్యోతి, ఆ తరవాత ఎల్‌సీఏ 334 వంటి రకాలు రైతులకు అందాయి. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిరప మార్కెట్లలో ఒకటిగా పేరు పొందింది.

ఉప్పు, నూనె

పచ్చడికి ప్రాణం ఉప్పు. ఈ ప్రాంతానికి అది సముద్రం ఒడ్డునే దొరికింది. చినగంజాం, కనపర్తి ప్రాంతాల ఉప్పుమడుల నుంచి కల్లుప్పు బండ్ల మీద మెట్ట ఊళ్లకు చేరేది. బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు తయారీని తన గుప్పిట్లో పెట్టుకుని పన్ను వేయడంతో, పక్కనే సముద్రం ఉన్నా ఊరగాయ ఉప్పుకు సర్కారుకు డబ్బు కట్టవలసి వచ్చేది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఒంగోలు ప్రాంతంలోని దేవరంపాడు ఒక ముఖ్య శిబిరం కావడానికి ఇదే నేపథ్యం. ఆ పన్ను 1947లో రద్దయింది.

నూనె విషయంలో ఆవకాయలకు నువ్వుల నుంచి తీసిన పప్పునూనెదే పాత స్థానం. మిరపలాగే అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ తరవాత దానితో పోటీ పడింది. ముక్కల పచ్చడిలో పులుపు చింతపండుది. దోసావకాయలో కాయకున్న సహజమైన పులుపే సరిపోతుంది, చాలనిచోట నిమ్మరసం పిండుతారు.

తయారీ, దాని వెనక సంగతులు

దోసావకాయకు గట్టి కాయ కావాలి. తోలు తీయకుండానే కడిగి, తడి లేకుండా తుడిచి, గింజ తీసేసి చిన్న ముక్కలు తరుగుతారు. తరిగేముందు కొసముక్క ఒకటి కొరికి చేదు చూస్తారు. చేదుకు కారణం కుకుర్బిటసిన్లనే పదార్థాలు. ఎండ తీవ్రత, నీటి కొరత వంటి కష్టాలు పడ్డ తీగల కాయల్లో అవి పెరుగుతాయి. మెట్ట సేద్యంలో ఇది మామూలే.

కారం, ఆవపిండి దాదాపు సమపాళ్లలో, ఉప్పు అంతకన్నా తక్కువగా కలుపుతారు. ఆవాలను ఎండబెట్టి పచ్చిగానే పొడి కొడతారు గాని వేయించరు. ఆవగింజలోని సినిగ్రిన్ అనే పదార్థం మీద అదే గింజలోని మైరోసినేజ్ అనే ఎంజైము తడి తగిలినప్పుడు పనిచేసి, ముక్కుకెక్కే ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము నశిస్తుంది, ఘాటు పుట్టదు. ఉప్పు ముక్కలోంచి లాగిన నీరే పిండిని తడిపి ఆ పని చేయిస్తుంది. కలిపిన వెంటనే కన్నా కొన్ని గంటలు ఊరాక దోసావకాయ రుచిగా ఉండటానికి కారణం ఇదే. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో దీన్ని నంజుకుంటారు. మామిడికాయ దొరకని నెలల్లో పెళ్లి విస్తళ్లలో ఆవకాయ లోటు తీర్చేది కూడా ఇదే.

ముక్కల పచ్చడి దారి వేరు. ఎండుమిరపకాయలు, మినప్పప్పు, ఆవాలు, కాసిని మెంతులు నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరుతారు. ఆ కారంలో పచ్చి దోసముక్కలు వేసి పొత్రంతో ఒకటి రెండు సార్లు అదుముతారే తప్ప నలగ్గొట్టరు. పైన ఇంగువ తాలింపు పడుతుంది. మిక్సీ వచ్చాక రోలు మూలపడినా, ముక్కలను మిక్సీలో వేయకూడదన్న నియమం నిలిచింది.

తూర్పు ఆసియా దేశాల్లోనూ ఇలాంటి పూట వంటలున్నాయి. చైనాలో కీర దోసను కత్తి వెడల్పు పక్కతో చితక్కొట్టి వెల్లుల్లి, వెనిగర్ కలుపుతారు. జపాన్‌లో పలుచని చక్రాలకు ఉప్పు పట్టించి, నీరు పిండేసి, బియ్యపు వెనిగర్‌లో వేస్తారు. కొరియాలో ఓయి ముచిమ్ అనే వంటకానికి మిరపపొడి, నువ్వుల నూనె పట్టిస్తారు. వాటిలోకి ఎక్కువగా కీర దోసే వాడతారు. అది నీటికాయ కాబట్టి నీరు పిండి పారబోయడం అక్కడ మంచి పద్ధతి. గుంటూరు వంటలో ఆ నీరు పచ్చడికి ఊటగా మారుతుంది, అన్నంలో కలుపుకునేది ఆ ఊటనే. కొరియాకూ మిరప చేరింది 16వ శతాబ్దం చివర్లోనో ఆ తరవాతో. ఒకే అమెరికా మొక్క రెండు దూరదేశాల దోస పచ్చళ్లను ఎర్రబరిచింది.

మారిన చేలు

నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలవలకు నీరు వదిలారు. కుడి కాలవ నీటితో గుంటూరు, ప్రకాశం మెట్టలో కొంత మాగాణి అయింది, మిగతా చోట పత్తి, మిరప అమ్మకపు పంటలుగా విస్తరించాయి. పత్తికి పురుగుమందుల వాడకం పెరిగింది. 1987-88లో తెల్లదోమ తాకిడికి ఈ రెండు జిల్లాల పత్తి రైతులు దారుణంగా దెబ్బతిన్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి రావడంతో విత్తనం కూడా కంపెనీ ప్యాకెట్టులో వచ్చే సరుకైంది. మందు కొట్టిన చేలో కాయ కోసుకు తినడం క్షేమం కాదు. కలుపు మందులు పిచికారీ చేసే సాళ్ల మధ్య దోసతీగ బతకదు. పత్తి విత్తనంతో పాటు దోసగింజలు చల్లే అలవాటు అలా సన్నగిల్లింది.

ఇప్పుడు దోసకాయ విడిగా పండించే కూరగాయ పంట. బోరు నీటి కింద ఏడాదంతా కాస్తుంది, సంతకూ రైతుబజారుకూ వస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో పెరటి తోటల్లో పసుపుపచ్చ దోసకాయలు కాయిస్తున్నాయి, భారతీయ దుకాణాల్లోనూ అవి దొరుకుతున్నాయి. పంట పద్ధతి మారినా కాయ గుణం మారలేదు. చేదు కాయకూ మంచి కాయకూ పైకి తేడా కనిపించదు కాబట్టి, తరిగేముందు ఒక ముక్క కొరికి చూడటం ఇప్పటికీ దోసావకాయలో మొదటి పని.