ఓడపట్టీలలో మన పూర్వులు

శ్రాద్ధదినమున మనము పితృ, పితామహ, ప్రపితామహులను మూడు తరములవారిని పేరుపేరున స్మరింతుము. నాల్గవ తరమువాని పేరడిగినచో మనలో పెక్కురు నిరుత్తరులగుదురు. గోత్రము తెలియును, ఇంటిపేరు తెలియును. ఆ యింట జీవించిన మనుష్యుని పేరు మాత్రము తెలియదు. ఇట్టి మన గ్రామములకు సముద్రములు దాటి కొందఱు తమ ముత్తాతల పేళ్ళు, వారి తండ్రుల పేళ్ళు, వారి మేనిపై నుండిన మచ్చలు సైతము వ్రాసిన కాగితములతో వచ్చుచున్నారు. వారెవరు, ఆ కాగితము లెక్కడివి, వారియెడ మన కర్తవ్యమేమి యను మూడు విషయములను ఈ సంచికలో మన కులబంధువులకు విన్నవింపదలచితిమి.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును మాన్పించు శాసనము 1833లో పుట్టి 1834లో అమలునకు వచ్చెను. చెఱకుతోటల దొరలకు కూలీలు కావలసివచ్చిరి. ఆ 1834 నుండియే భారతీయులు ఒడంబడికపై మారిషస్ దీవికి పోసాగిరి. గోదావరీముఖమునందలి కోరంగి రేవున నోడలెక్కి పోయిన మనవారిని ఆ దీవిలో 'కోరంగి'వారని పిలిచిరి, రేవుపేరే జనముపేరయ్యెను. నేటాలు సీమకు మొదటి యోడ 'ట్రూరో' మద్రాసునుండి బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. 1911 వఱకు ఆ సీమకు పోయినవారు 1,52,000కు పైబడుదురు. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వఱకు 60,000 మందికి మించి పోయిరి. మద్రాసునుండి యచ్చటి కోడలు 1903లో మొదలయ్యెను. ఒడంబడిక కాలము ఐదేండ్లు. నేటాలులో మొదటి యేట నెలజీతము పది షిల్లింగులు. ఏటేట నొక్క షిల్లింగు హెచ్చు. ఈ పద్ధతి 1917లో నిలిచిపోయి, 1920లో ముగిసెను.

వారు పోవుటకు కారణమేమని యడుగుదురేని, 1866నాటి గంజాము కఱవును, 1876–78నాటి ధాత కఱవును తలచుకొనిన జాలును. అయినను కఱవొక్కటియే కారణము కాదు. అప్పు, అన్నదమ్ముల పొరపు, దళారుల తియ్యని మాట, ఇంటినుండి పాఱిపోవలెనను పడుచుకోపము, ఇవియు గలవు.

ఓడనెక్కు ప్రతిమనుష్యునికి నొక సంఖ్య యిచ్చి పట్టీలో వ్రాసిరి. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, దేహచిహ్నములు, వీనికెల్ల గడులుండెను. ఇంటిపేరునకు మాత్రము గడి లేదు! మన గ్రామములలో మనుష్యుని గుర్తించునది ఇంటిపేరే గదా. అది రేవుననే జాఱిపోయెను. అచ్చట పుట్టిన బిడ్డలకు తండ్రిపేరో, 'నాయుడు' వంటి గౌరవపదమో వంశనామమయ్యెను. కావున నేటాలులోని నాయుడుగారి మూలమును నాయుడను మాట పట్టుకొని వెదకుట వ్యర్థము.

ఊరిపేరు గూడ సులభముగా దొరకదు. పట్టీలో 'చికాకోలు, గంజాము జిల్లా' అని యుండును. అది నేటి శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఆ సీమ విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము వేఱు జిల్లా యయ్యెను. 1979లో విజయనగరము, 2022లో మఱికొన్ని జిల్లాలు పుట్టెను. ఈ క్రమ మెఱుగనివారు నేటి ఒడిస్సాలోని గంజామునకు పోయి వట్టిచేతులతో మరలుదురు. అట్టి సందర్భమున మనుష్యుల పేళ్ళు కొంత తోడ్పడును. అప్పన్న, సింహాచలము అను పేళ్ళు సింహాద్రిని, పైడయ్య, పైడితల్లి అను పేళ్ళు విజయనగరమును, నూకయ్య, నూకాలమ్మ అను పేళ్ళు అనకాపల్లిని చూపును. మారిషస్ తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్నను గొలుచుచున్నారు. పేరు మఱచిన యూరిని దేవుడు మఱవనీయలేదు.

కొన్నియేండ్ల క్రిందట నేటాలునుండి వృద్ధదంపతులు వచ్చిరి. పాతకాగితములు చదువగలమని యెవరో వారిని మాయింటికి పంపిరి. వారి నకలులోని యూరిపేరు ఆంగ్లాక్షరములలో నుండెను. దానిని కొత్తపాలెమనియు కోటపాలెమనియు చదువవచ్చును. వారితో రెండూళ్ళు తిరిగితిమి. మొదటియూర నెవ్వరికిని ఏమియు దెలియదు. రెండవయూర నొక ముదుసలి తన యత్తగారు చెప్పినమాట చెప్పెను: ఎద్దులకై అన్నతో పోరి యొకడు రేవునకు బోయి తిరిగిరాలేదట, తల్లి బ్రతికినన్నాళ్ళు సంక్రాంతికి వానికొక విస్తరి వేసెనట. పేరు మాత్ర మామెకు గుర్తులేదు.

ఆ పెద్దమనిషి కన్నీరు తుడుచుకొని, "పంతులుగారూ, ఇదే మా యూరని చెప్పవచ్చునా?" అని యాంగ్లమున నడిగెను. ఔనని యనుటకు మా నాలుక తొందరపడెను. కాని పేరు కుదురని వంశమును కుదిర్చి చెప్పుట పితృదేవతలయెడ నసత్యము. "కావచ్చును, ఔనని చెప్పజాలము" అంటిమి. ఆయన తల యూచెను.

ఇంతలో ఆ యింటి యువకుడొకడు, "భూమిలో భాగమడుగ వచ్చిరా?" అనెను. వేఱొకరు, "వారి ముత్తవ్వ ఏ కులపుది?" అనిరి. ఈ రెండు ప్రశ్నలను మేము ఆంగ్లములో చెప్పలేదు. అయినను వారికి బోధపడినట్లే తోచెను. మరలునప్పుడు ఆయన మర్యాదకై, "మీ ముత్తాతతండ్రి పేరేమి?" అని మమ్మడిగెను. మాకు తెలియదు. ఊరు వీడినవాని మనుమనికి తెలిసినది ఊరు వీడని మాకు తెలియకపోయెను.

కులమునుగూర్చి యొకమాట. సముద్రయానము పతనహేతువని బౌధాయనుడు చెప్పినమాట మేము చదివినదే. కాని ఓడనెక్కినవారిని ఆకలి, అప్పు నడిపించెను. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండిన జాలునని నిబంధన చేసినచోట కులము చూచి పెండ్లియాడుట యెందఱికి సాధ్యము? పట్టీలోని కులపుగడి సైతము గుమాస్తా విన్నదే గాని పరీక్షించినది కాదు. కావున మన గుమ్మమున నిలిచినవారిని ముందు కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, తరువాత కాగితము చూడవలెను. కులసంఘము కలుపుటకే గాని కడుగుటకు గాదు.

ఈ మహాసభవారికి మా మనవి రెండు. ప్రతిగ్రామమున ముదుసళ్ళ నోటనుండి ఇంటిపేళ్ళు, నాలుగైదు తరముల పేళ్ళు, ఊరువిడిచి మరలిరానివారి వృత్తాంతములు వ్రాయింపవలెను. రైతువారీ గ్రామములకు పాత సెటిల్మెంటు రిజిస్టర్లు కొంత ఆధారము; జమీందారీ గ్రామములకు అదియు నంతగా లేదు. కరణీకములు 1984లో రద్దయిన పిదప ఊరిచరిత్ర నోటికెక్కిన వారును తఱిగిపోవుచున్నారు. రెండవది, వెదకుచు వచ్చువారికి దారిచూపుటకు తాలూకాకొక విద్యావంతుని నియమింపవలెను.

మేము మా వంతుగా మా వంశమును వ్రాయ మొదలిడితిమి. మేనత్తగారి యనుగ్రహమువలన నాల్గవ తరము పేరు దొరకినది. మొన్నటి తద్దినమున, విధిలో లేకున్నను, ఆ పేరు గూడ నొకమాఱు ఉచ్చరించితిమి. స్వస్తి.