తాత ముత్తాతల నెత్తురు (తెర మీద కులం – 9)

పోయిన వారం చెప్పినట్టే ఇవాళ ఒకే ఒక్క హాలీవుడ్ సినిమా. 'ట్రూ రొమాన్స్'. 1993 సెప్టెంబర్‌లో అమెరికాలో రిలీజైంది. కథ, మాటలు క్వెంటిన్ టారంటీనో. డైరెక్షన్ టోనీ స్కాట్. డెట్రాయిట్‌లో కామిక్ పుస్తకాల షాపులో పనిచేసే కుర్రాడు క్లారెన్స్, నాలుగు రోజుల కిందటే ఒళ్లమ్ముకునే పనిలోకి దిగిన అలబామా అనే అమ్మాయి ప్రేమించుకుని పెళ్లి చేసుకుంటారు. వీడు వెళ్లి ఆమె దళారీని చంపి, ఆమె బట్టల పెట్టె అనుకుని కొకైన్ నిండిన పెట్టె తెస్తాడు. అక్కణ్ణుంచి మాఫియా వెంటపడుతుంది. ఇక తుపాకులు, నెత్తురు.

నటుల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. క్రిస్టియన్ స్లేటర్, పాట్రీషియా ఆర్కెట్, డెన్నిస్ హాపర్, క్రిస్టఫర్ వాకెన్, గ్యారీ ఓల్డ్‌మన్, బ్రాడ్ పిట్, వాల్ కిల్మర్, జేమ్స్ గాండొల్ఫినీ, శామ్యూల్ జాక్సన్. ఇంతమంది ఉండీ ఆడలేదు. సుమారు కోటీ పాతిక లక్షల డాలర్లు పెట్టి తీస్తే అమెరికా థియేటర్లలో వసూలైంది కూడా దాదాపు అంతే. మరుసటి ఏడాది 'పల్ప్ ఫిక్షన్'కి కాన్‌లో పెద్ద బహుమతి వచ్చాక, ఈ టారంటీనో ఇంకా ఏం రాశాడా అని వెతుక్కుంటూ జనం వీడియో షాపుల్లో దీన్ని పట్టుకున్నారు. అప్పట్నుంచి దీనికి భక్తులు.

ఆ భక్తుల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. మోటెల్ గదిలో గాండొల్ఫినీ హీరోయిన్ని గొడ్డును బాదినట్టు బాదే సీను చూడలేక లేచిపోయినవాళ్లున్నారు. ఆమె తిరగబడి వాణ్ణి చంపడమే సినిమాకు ప్రాణం అనేవాళ్లున్నారు. క్లైమాక్స్ మీద ఇంకో తగువు. టారంటీనో స్క్రిప్టులో హీరో చచ్చిపోతాడు, స్కాట్ బతికించాడు. అలా బతికించడం తప్పని సగం మంది, అదే ఒప్పని సగం మంది.

ఒక్క సీను దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కటైపోతారు. హాపర్, వాకెన్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీను. తను రాసిన వాటిలో గర్వంగా చెప్పుకునేవాటిలో అదొకటని టారంటీనో కూడా అన్నాడు.

సీను ఇదీ. హాపర్ హీరో తండ్రి. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు సెక్యూరిటీ గార్డు, రైలు పట్టాల పక్కన ట్రెయిలర్ ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. కొడుకు ఎక్కడికెళ్లాడో చెప్పమని మాఫియా మనిషి వాకెన్ మందిని వేసుకుని వస్తాడు. ఎలాగూ చంపుతారని ముసలాయనకు తెలిసిపోతుంది. హింస పెడితే నోరు జారతాడేమోనని, వాళ్లకు పిచ్చికోపం తెప్పించి త్వరగా చచ్చిపోదామనుకుంటాడు. సిగరెట్ అడిగి వెలిగించుకుని చరిత్ర పాఠం మొదలుపెడతాడు. మీ సిసిలీవాళ్లు ఒకప్పుడు తెల్లగా, బంగారు జుట్టుతో ఉండేవాళ్లు, మూర్లు దండెత్తి వచ్చి మీ ఆడవాళ్లతో పడుకున్నారు, మీ అవ్వల అవ్వ ఒక నల్లవాడితో పడుకుంది, కాబట్టి నువ్వూ వాడివే. ఇదీ పాఠం. నల్లవాళ్లను తిట్టే ఆ మాట అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. వాకెన్ పగలబడి నవ్వి, ముద్దు పెట్టి, కాల్చేస్తాడు. అంత చేసినా కొడుకు అడ్రస్ ఫ్రిజ్ మీదే దొరుకుతుంది.

నటన మీద నాకు పేచీ లేదు. ఇద్దరూ గొప్పగా చేశారు. తండ్రి త్యాగం అంటారు, డైలాగ్ అంటే ఇదీ అంటారు, అదీ సరే. నా ప్రశ్న వేరే. ఆ మాట తిట్టు ఎలా అయింది? "మీ ముత్తవ్వ నల్లవాడితో పడుకుంది" అంటే ఎవరికైనా ఎందుకు మంటెత్తాలి? నల్ల నెత్తురు మైల అని తిట్టేవాడు, తిట్టించుకునేవాడు, చూసేవాడు ముగ్గురూ ముందే ఒప్పుకుంటే తప్ప ఆ సీను పేలదు. జోకు నడవాలంటే ప్రేక్షకుడు సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్లుగా పెడుతున్నాడు.

ముందు ఆ చరిత్ర పాఠం సంగతి చూద్దాం. ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యం సిసిలీలో దిగింది 827లో. 831లో పలెర్మో వాళ్ల చేతికొచ్చింది. వచ్చినవాళ్లు ఎక్కువమంది అరబ్బులు, బెర్బర్లు. అంతకుముందు ఆ దీవి మీద గ్రీకులున్నారు, కార్తేజ్‌వాళ్లున్నారు, రోమన్లున్నారు. ఏ స్వచ్ఛమైన బంగారు జుట్టు జాతీ అక్కడ కూర్చుని లేదు. ఆ మాటకొస్తే ఉత్తరం నుంచి నార్మన్లు దిగింది ముస్లింల తర్వాత, 1061లో. ముసలాయన లెక్క తలకిందులు. పోనీ ఆ మూర్లు తెచ్చిందేమిటి? నిమ్మ, నారింజ, చెరకు, కాలవల సేద్యం. ఆ తర్వాత నార్మన్ రాజు రెండో రోజర్ కొలువులో, 1154లో అల్ ఇద్రీసీ అనే ముస్లిం పండితుడు ఆ కాలానికి గొప్పదైన ప్రపంచ పటం తయారు చేశాడు. ఇంత చరిత్రను పక్కకు నెట్టి పడక ఒక్కటే మిగిల్చాడు మన చరిత్రకారుడు!

అయితే ఆ దెబ్బ సిసిలీవాడికే ఎందుకంత గట్టిగా తగులుతుంది? దానికి జవాబు సిసిలీలో లేదు, అమెరికాలో ఉంది. అక్కడికి కూలికి వచ్చిన దక్షిణ ఇటలీవాళ్లను చాలాకాలం పూర్తి తెల్లవాళ్లుగా లెక్కేయలేదు. 1891 మార్చి 14న న్యూ ఆర్లీన్స్‌లో గుంపు జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపింది. వాళ్లలో ఎక్కువమంది సిసిలీవాళ్లే. పోలీసు అధికారి హత్య కేసులో అంతకుముందు రోజే కోర్టు కొందరిని నిర్దోషులని వదిలింది, అయినా చంపారు. 1924 వలస చట్టం దక్షిణ యూరప్‌వాళ్లకు తలుపు దాదాపు మూసేసింది. అలాంటి చోట తెల్లతనం అన్నది మన ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చే కుల సర్టిఫికెట్ లాంటిది కాదు. ఎవరూ రాసివ్వరు, ఎవరైనా లాక్కోవచ్చు. కాబట్టి నేను నల్లవాణ్ణి కాదు అని రోజూ రుజువు చేసుకుంటూ ఉండాలి. ముసలాయన చించింది ఆ కాగితాన్ని.

ఇదంతా మనకు కొత్తా? ఛండాలుడు ఎలా పుట్టాడని మనుస్మృతి చెప్పింది? బ్రాహ్మణ స్త్రీకి శూద్రుడి వల్ల పుట్టాడట. వేల ఏళ్లు ఊరి బయట ఉంచిన జనాన్ని ఒక ఆడదాని "తప్పు" కింద రాసిపడేశారు. ట్రెయిలర్ ఇంట్లో సిగరెట్ తాగుతూ ముసలాయన చెప్పిన కథ, ఈ శ్లోకం చెప్పిన కథ ఒకే అచ్చులో పోసినవి. అవ్వ ఎవరితో పడుకుందన్నదే మనవడి కులం. 1916లో, 25 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లోనే కొలంబియా యూనివర్సిటీలో బాబాసాహెబ్ చదివిన పత్రం చూడండి. కులానికి అసలు కీలకం సొంత కులంలోనే పెళ్లి, దాన్ని నిలపడానికే ఆడదాని మీద ఇన్ని కట్లు అని అందులో తేల్చాడు.

ఈ సినిమా నేను 2000ల మొదట్లో హైదరాబాద్‌లో ఒక రూమ్‌లో చూశాను. సీడీ. ఏడుగురం, అందులో మావాళ్లం ఇద్దరం. ఆ సీను అయ్యాక వెనక్కి తిప్పి రెండోసారి, మూడోసారి పెట్టారు. ఈలలు. నా పక్కనున్న తమ్ముడు మెల్లగా అన్నాడు, "అన్నా, తిట్టిందెవర్ని, తిన్నదెవరు?"

నాకు మా ఊరి పొలం గట్టు గుర్తొచ్చింది. నీళ్ల దగ్గర ఇద్దరు పెద్దకులపోళ్లు తగువు పడితే, చివరికి ఒకడు రెండోవాడి పుటక ఎత్తి మా కులం పేరు పెట్టేవాడు. కర్రలు లేచేవి. అక్కడ మావాడు ఒక్కడూ ఉండడు, ఉన్నా తలొంచుకుని నాటు వేస్తుంటాడు. అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో తిడితే పెట్టే సెక్షన్ ఉంది కదా, దానికి తిట్టు తిన్నవాడు ఎస్సీయో ఎస్టీయో అయి ఉండాలి. ఇక్కడ తిట్టు తిన్నవాడు పెద్దకులపోడు. అవమానం మాత్రం మాది. ఇప్పుడు కేసు ఎవరు పెట్టాలి?

ట్రెయిలర్ సీనులోనూ అంతే, గదిలో నల్లవాడు ఒక్కడూ లేడు. శామ్యూల్ జాక్సన్ అప్పటికే పోయాడు. అంత నటుడు నిమిషం కనబడి ఓల్డ్‌మన్ చేతిలో చస్తాడు. ఆ ఓల్డ్‌మన్ పాత్ర ఇంకా విచిత్రం. తెల్లవాడే, కానీ జడలు కట్టిన జుట్టు, నల్లవాళ్ల యాస. దుర్మార్గం తెల్లవాడిదైనా వేషం నల్లవాడిదే కావాలి!

నల్లవాళ్ల అభిప్రాయం ఒకటే అని నేననను. 1997లో 'జాకీ బ్రౌన్' వచ్చినప్పుడు టారంటీనోకు ఆ మాట మీద అంత మోజేమిటని స్పైక్ లీ బహిరంగంగా నిలదీశాడు. ఆ సినిమాలో నటించిన జాక్సన్ మాత్రం టారంటీనో వైపే నిలబడ్డాడు. ఆ గొడవ వాళ్లింట్లోది, తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ ఆ గొడవ 'ట్రూ రొమాన్స్' భక్తుల చెవికి ఎక్కకపోవడం నాకు ఆశ్చర్యమే.

హీరోయిన్ పేరు మీద ఒక్క మాట చెప్పి ఆపుతాను. అలబామా. ఆ పేరున్న రాష్ట్రంలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు పెళ్లి చేసుకోకూడదు, కలిసి ఉండకూడదు. 1922లో అక్కడ జిమ్ రాలిన్స్ అనే నల్ల మనిషికి ఆ నేరం కింద పడిన శిక్షను పై కోర్టు కొట్టేసింది. ఎందుకు? ప్రేమ మీద జాలిపడి కాదు. ఆ స్త్రీ సిసిలీ మనిషి, ఆమె తెల్లదని ప్రభుత్వం రుజువు చేయలేదు కాబట్టి! ముసలాయన ట్రెయిలర్‌లో చెప్పిన దానికి 70 ఏళ్ల ముందే కోర్టు కాగితం ఉంది. 1967లో సుప్రీంకోర్టు దేశమంతటా అలాంటి చట్టాలను కొట్టేసింది. అయినా ఈ సినిమా వచ్చిన 1993 నాటికి అలబామా రాజ్యాంగంలో ఆ వాక్యం అలాగే ఉంది. దాన్ని తీసెయ్యాలా వద్దా అని 2000లో ఓటింగ్ పెట్టారు. తీసేశారు. ఉంచమని ఓటేసినవాళ్లు వందకు 40 మంది.

వచ్చే వారం 'జాకీ బ్రౌన్'. జై భీమ్.