కడుపుకూ మనసుకూ మధ్య రెండు వందల ఏళ్లు

"కడుపు తరుక్కుపోయింది", "కడుపు మండిపోయింది", "పేగు కదిలింది", "కడుపులో పెట్టుకుని చూసుకున్నారు". దుఃఖం, కోపం, జాలి, వాత్సల్యం అన్నిటికీ మనవాళ్లు కడుపునే చిరునామాగా ఇచ్చారు. మనసులో ఏం జరిగినా కడుపుకు తెలుస్తుందన్న సంగతి మన భాషకు ఏనాడో తెలుసు. వైద్యశాస్త్రం దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ చరిత్రను నలుగురితో పంచుకోవాలనే ఈ వ్యాసం.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం నా కడుపే. సింగపూరులో ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, పొద్దున్నే మీటింగు ఉందంటే చాలు, పేగులు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. ఎం.ఆర్.టి. ఎక్కితే ఏ స్టేషనులో దిగాల్సి వస్తుందోనని భయం. పరీక్షలన్నీ చేయించాక ఒక డాక్టరుగారు "రిపోర్టులన్నీ బాగున్నాయి, మీకేమీ లేదు" అన్నారు. ఏమీ లేకపోతే మరి ఈ బాధ ఎవరిది? సిగ్గుపడి ఇంట్లోవాళ్లకు కూడా సగమే చెప్పాను. కొన్నాళ్లకు మరో డాక్టరు దీని పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని చెప్పి, మందులతో లొంగకపోతే హిప్నోథెరపీ కూడా ఒక మార్గమేనన్నారు. నాకు నవ్వొచ్చింది. నాకు తెలిసిన హిప్నాటిజం అంటే స్టేజీ మీద ఉల్లిపాయను యాపిల్ అని చెప్పి కొరికించడమే! అది వైద్యం ఎలా అయిందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను.

కథ పారిస్‌లో మొదలవుతుంది. 1778లో అక్కడికి చేరిన మెస్మర్ అనే వైద్యుడు, మనుషుల్లో ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దాన్ని సరిచేస్తే జబ్బులు పోతాయనీ చెప్పి జనాన్ని ఊపేశాడు. 1784లో పదహారో లూయీ రాజు నియమించిన సంఘం దీన్ని విచారించింది. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవాజియే వంటి ఉద్దండులున్నారు. ద్రవమూ లేదు, గిద్రవమూ లేదు, కనిపించిన ఫలితాలన్నీ ఊహాశక్తి వల్లనేనని వారు తేల్చారు. తీర్పు సరైనదే. కానీ ఊహకే అంత శక్తి ఉంటే దాన్ని రోగి మేలుకు వాడుకోవచ్చు కదా అన్న ప్రశ్న అప్పటికి పక్కకు పోయింది.

ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తినవారిలో ఒకరు మన దేశంవాడే కావడం విశేషం. 1756లో గోవాలో పుట్టిన అబ్బే ఫరియా అనే మతగురువు 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, శక్తి అయస్కాంతంలోనూ లేదు, ప్రయోగించేవాడి చేతిలోనూ లేదు, ఉన్నదంతా ఎదుటివాడి మనసులోనేనని చెప్పాడు. పణజిలో ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. తరువాత 1841లో మాంచెస్టరులో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ ఒక మెస్మరిజం ప్రదర్శనకు మోసం బయటపెడదామనే వెళ్లాడు. తీరా చూస్తే అందులో కొంత నిజముందనిపించింది. స్వయంగా పరిశోధించి 1843లో పుస్తకం రాశాడు. హిప్నాటిజం అన్న మాట ఆయన వల్లనే వాడుకలోకి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లండు సర్జన్ కంపెనీ కొలువులో ఉన్నాడు. 1845 ఏప్రిల్లో వరిబీజం ఆపరేషను బాధకు తట్టుకోలేకపోతున్న ఒక ఖైదీ మీద, తాను కళ్లతో ఎన్నడూ చూడని మెస్మరిజాన్ని, చదివిన జ్ఞానంతోనే ప్రయోగించాడు. నొప్పి తెలియలేదు. అప్పటికింకా ఆపరేషన్లకు మత్తుమందులు వాడుకలో లేవు. అలా ఎన్నో శస్త్రచికిత్సలు చేశాడు. ప్రభుత్వం విచారణ జరిపి 1846లో కలకత్తాలో ఇందుకోసం ఒక చిన్న ఆసుపత్రినే ఇచ్చింది. అయితే 1847లో క్లోరోఫారం వచ్చింది. ఎవరికైనా నిమిషాల్లో మత్తెక్కించే మందు ఉండగా గంటల తరబడి చేతులూపే పద్ధతి ఎవరికి కావాలి? మెస్మరిజం మూలపడింది.

ఆనాడు సింగపూరు కూడా బెంగాల్ ప్రభుత్వ పాలన కిందే ఉండేది. 1825 నుంచి భారతదేశపు ఖైదీలను ఓడల్లో ఇక్కడికి తెచ్చి రోడ్లు వేయించారు, సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ కట్టించారు. హుగ్లీ జైల్లో మంచం మీద పడుకున్నవాడూ, ఇక్కడ ఎండలో రాళ్లు మోసినవాడూ ఒకే సర్కారు బందీలే. కాదనే హక్కులేని మనిషి మీద జరిగిన ప్రయోగం అది. దాని ఫలితాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా మరచిపోకూడదు.

తరువాత చాలాకాలం హిప్నాటిజం స్టేజీకీ ఆసుపత్రికీ మధ్య ఊగిసలాడింది. మన తెలుగునాట ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది, 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్. ఇంద్రజాలికుడిగా పేరుపొంది, మనస్తత్వశాస్త్రం వైపు మళ్లిన ఆయన జీవితంలోనే ఈ ఊగిసలాట అంతా కనిపిస్తుంది.

ఇక మళ్లీ మాంచెస్టరుకే వద్దాం. బ్రెయిడ్ ఉన్న ఆ ఊళ్లోనే పీటర్ వోర్వెల్ అనే వైద్యుడు, ఏ మందుకూ లొంగని పేగుజబ్బుతో ఉన్న 30 మందిని తీసుకుని రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకు హిప్నోథెరపీ, రెండో జట్టుకు మాటల చికిత్సతోపాటు ఉత్తుత్తి మాత్ర. హిప్నోథెరపీ జట్టుకు ఎంతో ఎక్కువ మేలు కనిపించింది. ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడిన సంవత్సరం 1984. ఫ్రాంక్లిన్ సంఘం తీర్పుకు సరిగ్గా రెండు వందల ఏళ్లు!

ఇందులో మంత్రమేమీ లేదు. రోగి కళ్లు మూసుకుని ఒళ్లు సడలిస్తాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆ వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు భావిస్తాడు. పేగుల కదలికను నిలకడగా పారే ఏరులా ఊహించుకుంటాడు. మెలకువ తప్పదు, తన మీద తనకు అదుపూ పోదు. పేగుల గోడల్లో కోట్లాది నాడీకణాలున్నాయి. వాటికీ మెదడుకూ రాకపోకలు నిరంతరం సాగుతూనే ఉంటాయి. ఆ దారిన భయం దిగినట్టే నెమ్మది కూడా దిగగలదు. అదే మాంచెస్టరు బృందం 2003లో 204 మంది వివరాలు ప్రకటిస్తే, వారిలో 71 శాతం మందికి గుణం కనిపించింది. 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన మరింత పెద్ద పరిశోధనలో మేలు పొందినవారి వంతు అంత ఎక్కువగా లేదు. బ్రిటన్‌లో 2008 నుంచి వైద్య మార్గదర్శకాలు, ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారికి దీన్ని కూడా పరిశీలించమంటున్నాయి.

మన సింగపూరు సంగతి? ఇక్కడి వైద్యుడు గ్వీ కోక్ ఆన్, 1996లో ఇంగ్లండులోని షెఫీల్డు సహచరులతో కలిసి, విరేచనాల జబ్బు తగ్గాక కూడా పేగుబాధ మిగిలిపోయేది ఎక్కువగా అప్పటికే ఆందోళనలో ఉన్నవారికేనని చూపించారు. 2004లో సింగపూరులో 2,276 మందిని అడిగి చేసిన సర్వేలో సుమారు 8.6 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే మన పండుగ పంక్తిలో వందమంది కూర్చుంటే ఎనిమిది, తొమ్మిది మంది నాలాంటివారే ఉండవచ్చు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

ఒక్క హెచ్చరిక. బరువు తగ్గడం, రక్తం పడటం, రక్తహీనత, పెద్దవయసులో కొత్తగా మొదలైన మార్పు ఉంటే ముందు డాక్టరు దగ్గరకే వెళ్లాలి. హిప్నోథెరపీ ఆ తరువాతి మాట. అదీ శిక్షణ పొందినవారి దగ్గరే.

నా కడుపు పూర్తిగా బాగుపడిందని చెప్పను. ఆ చికిత్సతో కొంత నెమ్మదించింది. అంతకంటే ముందు, నాది అబద్ధపు జబ్బు కాదని తెలిసిన రోజే సగం బరువు దిగింది. "అంతా నీ ఊహే" అని ఎవరినైనా కొట్టిపారేసే ముందు, ఆ ఊహను అర్థం చేసుకోవడానికి శాస్త్రానికే రెండు శతాబ్దాలు పట్టిందని గుర్తుంచుకుందాం. ఈ ఉగాదికి పచ్చడి పంచుకున్నట్టే, కడుపులోని మాటను కూడా అయినవాళ్లతో పంచుకుందాం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.