అడుగు చెప్పే గవాహి

పేపర్ వెయిట్ అనగానే మనకు గుర్తొచ్చేది తహసీల్ ఆఫీసు. పైన ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంటే కింద అర్జీలు ఎగిరిపోకుండా పెట్టిన షీషా గుండు, లోపల నాలుగు గాలి బుడగలు. నేను జమా చేసేవి వాటి పెద్దన్నలు. ఈ షౌక్ ఉన్నవాళ్లు మామూలుగా సుమారు 8.3 సెంటీమీటర్ల వెడల్పు దాటిన దాన్ని ‘మ్యాగ్నమ్’ అంటారు. నా దగ్గరున్న తొమ్మిదిలో ఒక్కదాన్ని కూడా ఒంటి చేత్తో ధైర్యంగా ఎత్తలేను. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో కొన్నవి కొన్ని, విలాయత్ నుంచి దోస్తులు తిట్టుకుంటూ సూట్‌కేసులో మోసుకొచ్చినవి కొన్ని.

వీటి తారీఖ్ మరీ పాతదేం కాదు. 1845లో వియన్నా నుమాయిష్‌లో వెనిస్ కారీగర్ పియెత్రో బిగాల్యా పూల గుండ్లను ప్రదర్శించాడు. ఆ వెంటనే ఫ్రాన్స్‌లో సెయింట్ లూయీ, బకరా, క్లిషీ కార్ఖానాలు ఆ హునర్‌ని అందుకున్నాయి. రంగురంగుల గాజును పొరలు పొరలుగా చేర్చి, వేడి మీద జీళ్లపాకం లాగినట్టు సన్నటి కడ్డీగా లాగుతారు. కడ్డీ ఎంత సన్నబడినా లోపలి పువ్వు చెదరదు. దాన్ని ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కా ఒక పువ్వే. ఆ ముక్కల మీద కరిగిన షీషా పోస్తే గుండు తయారు. బకరా వాళ్లు కొన్ని కడ్డీల్లోనే ‘బి 1848’ లాంటి అక్షరం, సాలు ఇమిడ్చి పెట్టారు. అలాంటిది దొరికితే తహకీక్ సగం అయిపోయినట్టే.

గుండు పెద్దదయ్యేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఇనుప కడ్డీ చివర రెండు కిలోల నిప్పు ముద్దను ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఆపితే ఒక పక్కకి జారిపోతుంది. ఆ తర్వాత చల్లార్చడం ఇంకో ఇంతిహాన్. పైపొర ముందు చల్లబడి, కడుపులో వేడి మిగిలిపోతే లోపలి ఒత్తిడికి గుండు పగులుతుంది. అందుకే భట్టీలో మెల్లమెల్లగా వేడి తగ్గిస్తారు. పెద్దవాటికి ఎక్కువ సబర్ కావాలి.

ఇప్పటి గుండ్లలో నాకు స్కాట్లాండ్‌వంటే ముహబ్బత్. బార్సిలోనాలో 1904లో పుట్టిన పాల్ యీసార్ట్ అక్కడికి వలసవెళ్లిన కుటుంబం బిడ్డ. కొన్నిట్లో ‘పీవై’ అని తన అక్షరాలు పొదిగాడు. (అవే అక్షరాలతో నక్లీలూ బజార్‌లోకి వచ్చాయి, జాగ్రత్త.) 1961లో మొదలైన కైత్‌నెస్ కార్ఖానాలో 1969లో కోలిన్ టెరిస్ పూలు వదిలేసి గ్రహాల పేర్లతో గుండ్లు రూపొందించాడు. కైత్‌నెస్ గుండ్లలో చాలావాటికి అడుగునే పేరు, నంబరు చెక్కి ఉంటాయి. లండన్ వైట్‌ఫ్రయర్స్ వాళ్ల గుర్తు ఒక బుల్లి ఫకీరు బొమ్మ, అంటే క్రైస్తవ సన్యాసి. ఆ కార్ఖానా 1980లో మూతపడింది.

గుర్తు లేనివాటితోనే తంటా. అమ్మేవాళ్లందరికీ అన్నీ ‘మురానో’నే! వెనిస్ హుకూమత్ 1291లో గాజు భట్టీలను మురానో ద్వీపానికి తరలించింది. అప్పటి నుంచి ఆ పేరుకున్న ఇజ్జత్ అలాంటిది మరి. ఇంకో ముచ్చట చెప్పాలి. పాత వెనిస్ షీషాలో కలిపే క్షారపు బూడిద ములకే షామ్ నుంచి ఓడల్లో వెళ్లేది. ఆ మెరుపులో మన తూర్పు బూడిద కూడా ఉందన్నమాట.

రెండేళ్ల క్రితం ఈ మురానో పేరే కడపలో మా ఫుప్పూ ఇంట్లో తక్సీం దాకా వెళ్లింది. ఫుప్పా కువైట్‌లో పనిచేసి 1980ల్లో తెచ్చిన పెద్ద పూల గుండు ఒకటి వాళ్ల అల్మారాలో ఉండేది. ఫుప్పూ పోయాక విరాసత్ లెక్కలు కట్టారు. పెద్దకొడుకు దాన్ని లక్షల విలువైన ఇటలీ సరుకుగా లెక్కేశాడు. గుండు చెల్లెలికి ఇచ్చేస్తే ఇంటి స్థలంలో ఆమె హిస్సా తీరిపోతుందని అతని మాట. అతని నియ్యత్‌ని నేను షక్ చేయను, చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే చెప్పాడు. ఆ చెల్లెలు మాత్రం నాకు ఫోన్ చేసి, “భాయీజాన్, మీరొకసారి వచ్చి చూడండి, మీరేం చెప్తే దానికి నేను రాజీ” అంది.

వెళ్లాను. తూకం 1,860 గ్రాములు. వంటింటి డిజిటల్ తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి, గుండును బట్టలో కట్టి, గిన్నె అడుగు తాకకుండా ముంచి పట్టుకుంటే తూకం 744 గ్రాములు పెరిగింది. భాగిస్తే రెండున్నర. సీసం కలిపిన క్రిస్టల్ అయితే 3 దరిదాపుల్లో గానీ, అంతకు మించి గానీ రావాలి. కాబట్టి ఇది మామూలు సోడా గాజు. అయితే మురానో వాళ్లదీ సోడా గాజే, దీనితో ఫైసలా కాదు. పూల కడ్డీలు మొరటుగా ఉన్నాయి, తెలుపులో పసుపు ఛాయ ఉంది. అదీ పక్కా సబూత్ కాదు.

అప్పుడు అడుగు చూశాను. కింద పచ్చటి బనాత్ గుడ్డ అంటించి ఉంది, దాని మీద ‘మురానో’ చీటీ. అందరి ఇజాజత్ తీసుకుని, గుడ్డ అంచుకు తడి తగిలించి మెల్లగా లేపాను. లోపల గాజుకే అంటుకుని ఇంకో చీటీ, సగం చిరిగింది: ‘మేడ్ ఇన్ చైనా’. కింద ఉన్నది ముందు అంటించింది, పైన ఉన్నది తర్వాత అంటించింది. నక్లీ చేసేవాడు ఎవడూ చైనా అని రాసి దాచుకోడు కదా! 1930ల నుంచే చైనా కారీగర్లు పశ్చిమ దేశాల గుండ్లను చూసి చేయడం నేర్చారు. తర్వాతి కాలంలో పెద్దపెద్దవి కూడా బయటి దేశాలకు పంపారు. వాటి ధర లక్షల్లో ఉండదు, వందల్లోనో వేలల్లోనో ఉంటుంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దకొడుకే కాగితం తీసి గుండు పేరు కొట్టేశాడు. స్థలం ముగ్గురి పేర్లా హిస్సాల ప్రకారం రాయించారు. గుండు మాత్రం చెల్లెలే అడిగి తీసుకుంది, ఫుప్పా చేత్తో తెచ్చింది కదా అని.

చైనాది అన్నంత మాత్రాన నేను దాన్ని చిన్నచూపు చూడను. రెండు కిలోల నిప్పును తిప్పిన ఉస్తాద్ అక్కడా ఉస్తాదే. యూరప్ కారీగర్లలో కొందరి పేర్లు కడ్డీల్లో, కితాబుల్లో మిగిలాయి. అతని పేరు ఎక్కడా లేదు. మన ఫిరోజాబాద్ కారీగర్లదీ అదే కథ. తెలుగులో షీషా అన్నా గాజే, చూడీ అన్నా గాజే. ఆ రెండు గాజులకూ ఇల్లు ఆ ఊరు. తహసీల్ ఆఫీసు బుడగల గుండు మీద కారీగర్ పేరు చూసినవాళ్లున్నారా?

మీ ఇళ్లల్లో గల్ఫ్ నుంచి వచ్చిన పెద్ద గుండు ఏదైనా ఉంటే ముందు తిరగేసి చూడండి. కడ్డీ నుంచి విరిచిన మచ్చ ఉందా, నున్నగా అరగదీశారా, గుడ్డ అంటించారా చూసి, వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. చీటీ ఉంటే గీకేయకండి. ఇంకో మాట, దాన్ని ఎండ పడే కిటికీలో పెట్టకండి. భూతద్దంలా ఎండను ఒకచోట చేర్చి పరదాకు నిప్పంటించగలదు. నావన్నీ ఉత్తరపు గోడ దగ్గర, కింది అరలో ఉంటాయి. పై అరలో పెడితే బేగం ఒప్పుకోదు.