సలహాదారు వెళ్ళిపోయాక ఏం మిగలాలి?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌లోనే చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది నా వృత్తి. దాని చరిత్ర కాస్త చెబితే, ఇప్పుడు మన బడి బెంచీల మీద కూర్చున్న పిల్లలకైనా పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు ఒక అపోహ తొలగించాలి. "నాకు కన్సల్టెన్సీ ఉంది" అని చెబితే చాలు, "మావాడికి ఎక్కడైనా ఉద్యోగం చూడండి" అంటారు. లేకపోతే "అమెరికా వీసాకి ఎంతవుతుందండీ?" అని అడుగుతారు. అమీర్‌పేట బోర్డుల పుణ్యమా అని తెలుగులో ఆ మాటకు అర్థం అలా స్థిరపడిపోయింది. నేను చేసేది అది కాదు. చిన్న వ్యాపారాలకు, నర్సింగ్ హోములకు, సహకార సంఘాలకు ఏ కంప్యూటర్లు, ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చెప్పడం, వాటిని పెట్టించడం, ఆ తర్వాత అవి ఆగకుండా నడిచేలా చూడడం నా పని. ఏ కంపెనీలోనూ ఉద్యోగిగా లేకుండా ఇరవై ఏళ్ళకు పైగా దీనిమీదే బతుకుతున్నాను.

ఈ వృత్తి కంప్యూటర్‌తో పుట్టింది కాదు. రెండున్నర శతాబ్దాల కిందటే మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా దీన్ని వెంటాడుతున్న ప్రశ్న ఒకటుంది: సలహా ఇచ్చినవాడు వెళ్ళిపోయాక, సలహా తీసుకున్నవాడి దగ్గర ఏం మిగులుతుంది?

కాగితం మీద పెట్టిన బుద్ధి

ఇంగ్లండులో జాన్ స్మీటన్ (1724–1792) అనే ఆయన ఉండేవాడు. సముద్రం మధ్య రాతి మీద కట్టిన ఎడ్డీస్టోన్ దీపస్తంభం ఆయనకు పేరు తెచ్చింది. అది 1759లో పూర్తయింది. ఆ రోజుల్లో ఇంజనీరు అంటే సైన్యంలో కోటలు, వంతెనలు కట్టేవాడు. తాను సైన్యానికి చెందినవాణ్ణి కానని తెలియడానికి స్మీటన్ తనను 'సివిల్ ఇంజనీరు' అని చెప్పుకునేవాడు. కాలువలు, రేవులు, వంతెనలు, మిల్లులు కట్టాలనుకున్నవాళ్ళు కబురు పెడితే వెళ్ళి స్థలం చూసేవాడు, కొలిచేవాడు, లెక్క కట్టేవాడు, నివేదిక రాసి ఇచ్చేవాడు. రోజువారీ పని చూడడానికి అక్కడే ఉండే ఇంజనీరు వేరే ఉండేవాడు. 1771లో లండన్‌లో ఈ వృత్తివాళ్ళ తొలి సంఘం ఏర్పడినప్పుడు అందులో ఆయనే ప్రముఖుడు.

స్మీటన్ పోయిన ఇరవై ఏళ్ళకు, 1812లో, ఆయన నివేదికలన్నీ మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మనిషి పోయినా ఆయన లెక్కలు తర్వాతి తరం ఇంజనీర్లకు అందుబాటులో ఉన్నాయి. మా వృత్తికి ఇది మొదటి పాఠం అనుకుంటాను. చేసిన పని మనతో పాటు పోకూడదంటే దాన్ని కాగితం మీద పెట్టాలి.

మూసీ పాఠం

రెండో పాఠానికి పరాయి దేశం పోనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆ కాలంలో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని విదేశ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం ఆయనను సలహాదారుగా పిలిచింది. 1909లో ఆయన వచ్చారు. ఎంత వాన పడింది, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఎగువన ఏయే చెరువులు తెగాయి అన్నీ లెక్కలు తీశారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడి, అదీ తెగి, వరద పెరుగుతూ వచ్చిందన్నది తేలింది. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని నివేదిక ఇచ్చారు.

గమనించవలసిన సంగతి ఆ తర్వాతది. అదే 1909లో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నివేదికకూ రెండో జలాశయానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు. ఈ మధ్యలో నిజాం మారారు, అధికారులు మారారు. నివేదిక మాత్రం ఉంది, దాన్ని పట్టుకుని పని నడిపిన స్థానిక ఇంజనీర్లు ఉన్నారు. ఇవాళ్టికీ వానాకాలంలో జంట జలాశయాల గేట్లు ఎత్తారన్న వార్త వస్తే, నా మటుకు నేను ఒక మంచి కన్సల్టెంటు చేసిన పని ఇంకా నడుస్తోందనే చదువుతాను.

సేవకు ధర వచ్చిన రోజు

ఇక కంప్యూటర్ల సంగతి. 1955లో న్యూయార్కులో ఎల్మర్ క్యూబీ, జాన్ షెల్డన్ అనే ఇద్దరు ఐబీఎం ఉద్యోగం వదిలి, నలభై వేల డాలర్ల పెట్టుబడితో 'కంప్యూటర్ యూసేజ్ కంపెనీ' పెట్టారు. యంత్రాలు అమ్మకుండా, ఇతరులకు ప్రోగ్రాములు రాసిపెట్టడమే వ్యాపారంగా పుట్టిన తొలి కంపెనీగా దాన్ని చెబుతారు. 1962లో ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ అనే ఆమె ఆరు పౌన్లతో 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' మొదలుపెట్టింది. పిల్లల్ని కన్నాక ఉద్యోగాలు మానేసిన ఆడవాళ్ళను తీసుకుని, ఇంటినుంచే పని చేయించింది. ఆడమనిషి పేరుతో ఉత్తరాలు రాస్తే జవాబు రావడం లేదని 'స్టీవ్' అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు పని దొరికింది!

వీళ్ళు అప్పట్లో ఏటికి ఎదురీదినవాళ్ళే. ఎందుకంటే ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే అద్దెకు తెచ్చుకునే యంత్రం. ఇంటి అద్దెలోనే నీళ్ళ బిల్లు, కరెంటు బిల్లు కలిపి తీసుకున్నట్టు, ప్రోగ్రాములు, శిక్షణ, మరమ్మతు సలహా అన్నీ ఆ అద్దెలోనే ఉండేవి. కలిపి ఇచ్చేదాన్ని జనం ఉచితం అనుకుంటారు. ఉచితంగా వచ్చేదానికి విడిగా డబ్బు పెట్టి బయటివాణ్ణి ఎవరు పిలుస్తారు? 1969 జూన్ 23న ఐబీఎం ఈ లెక్కలు విడదీస్తున్నట్టు ప్రకటించింది. యంత్రానికి ఒక ధర, ప్రోగ్రాములకు, సేవలకు వేరే ధర. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ చరిత్రలో దీన్ని పెద్ద మలుపుగా చెబుతారు. నాలాంటి ఒంటరి కన్సల్టెంట్ల అన్నం గిన్నె కూడా ఆ మలుపులోనే ఉంది.

మన దేశంలో ఈ కథ మరో దారిలో నడిచింది. విదేశీ కంపెనీలు తమ వాటా తగ్గించుకోవాలన్న ఫెరా చట్టం షరతుకు ఒప్పుకోక, ఐబీఎం 1978లో భారతదేశం వదిలి వెళ్ళింది. యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటిని ఎవరు చూడాలి? అంతకు మూడేళ్ళ ముందే ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే మనందరికీ తెలిసిన సీఎంసీని స్థాపించి ఉంది. ఆ బాధ్యత అది తీసుకుంది. పేరులోనే మెయింటెనెన్స్ ఉన్న ఆ సంస్థ తర్వాత హైదరాబాద్ కేంద్రంగా ఎదిగింది, రైల్వే రిజర్వేషన్లను కంప్యూటర్ మీదికి తెచ్చింది. తయారుచేసినవాడు వెళ్ళిపోతే వ్యవస్థ ఆగకుండా చూడడానికి ఒక దేశమే అలా ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

మన ఊరి బజారులో

దేశం చేసుకున్న ఏర్పాటు మన రైస్ మిల్లువాళ్ళకు ఎవరు చేసిపెడతారు? 1984 తర్వాత ప్రభుత్వ విధానాలు సడలి, పీసీలు చవకై, 1990ల నాటికి మన చిన్న పట్టణాలకు కూడా వచ్చాయి. ఎరువుల దుకాణాలు, చిట్‌ఫండ్ ఆఫీసులు, మిల్లులు బిల్లింగ్ పెట్టుకున్నాయి. డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్చిన కుర్రాడు వచ్చి, వారం రోజులు కూర్చుని ప్రోగ్రాము రాసి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద బిల్లు వచ్చేలా చేసి వెళ్ళేవాడు. ఏడాదికింత అని ఏఎంసీ మాట్లాడుకునేవారు. ఆ కుర్రాళ్ళు మన బడుల్లో చదివినవాళ్ళే, తెలివైనవాళ్ళే.

2000 సంవత్సరం దగ్గరపడింది. తేదీలో ఏడాదికి రెండంకెలే పెట్టి రాసిన పాత ప్రోగ్రాములను సరిచేసే పని ప్రపంచమంతా వచ్చిపడింది. మన కుర్రాళ్ళు విమానాలెక్కారు. వాళ్ళ బతుకులు బాగుపడ్డాయి, వాళ్ళను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వాళ్ళ వెనక, రాసినవాడు లేని ప్రోగ్రాములు ఊరూరా మిగిలాయి.

2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. ఆ వారంలో ఒక రైస్ మిల్లు యజమాని నన్ను పిలిపించారు. పాత ప్రోగ్రాములో కొత్త పన్ను పడడం లేదు. నడిచే ఫైలు ఉంది, దాన్ని మార్చడానికి కావలసిన సోర్సు కోడ్ లేదు. రాసినాయన అమెరికాలో ఉన్నాడు, ఫోను కలవడం లేదు. అదృష్టవశాత్తూ లెక్కలన్నీ డీబీఎఫ్ ఫైళ్ళలో ఉన్నాయి. వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌తో కూడా తెరవచ్చు. ఖాతాలు దక్కాయి, ప్రోగ్రాము దక్కలేదు. అప్పుడాయన అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "డబ్బులిచ్చి చేయించుకున్నది నేనే కదండీ! మరి అది నాది కాకుండా ఎలా పోయింది?"

దీనికి చట్టం చెప్పే జవాబు చాలామందికి తెలియదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి రాసిన ప్రోగ్రాము వేరే ఒప్పందం లేకపోతే యజమానిదే. బయటి కన్సల్టెంటు రాసింది మాత్రం, డబ్బు తీసుకున్నా సరే, కాగితం మీద బదిలీ చేస్తే తప్ప కన్సల్టెంటుదే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్ళకే చెల్లుతుంది. మిత్రుల్లో వ్యాపారాలు చేసేవాళ్ళున్నారు కనుక చెబుతున్నాను: సాఫ్ట్‌వేర్ రాయించుకుంటుంటే ఆ ఒక్క కాగితం ముందే రాయించుకోండి, గడువుతో సహా.

ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు వరుసగా వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు వ్యాపారుల పన్ను నంబర్ల మొదట్లో ఉండే 28 పోయి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అదే ఏడాది మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. విరుగుడు లేక కాదు, వేసే నాథుడు లేక ఎన్నో ఆఫీసులు దెబ్బతిన్నాయి. సపోర్టు అంటే చెడిపోయాక పరుగెత్తడమే అనుకుంటారు. మా పనిలో ఎక్కువ భాగం ఏమీ జరగకుండా చూడడమే. ఏమీ జరగని నెలకు బిల్లు ఇచ్చి ఒప్పించడమే కష్టం!

తాళంచెవి ఎవరి దగ్గరుండాలి

నేను పనిచేసే ప్రతి చోటా ఒక ఫైలు ఉంచుతాను. అందులో ఏ యంత్రం ఎప్పుడు కొన్నారు, ఏ లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది, బ్యాకప్ ఎక్కడుంది, దాన్ని తిరిగి ఎలా ఎక్కించాలి అన్నది తెలుగులో రాసి ఉంటుంది. పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో యజమాని బీరువాలో ఉంటాయి. వెబ్‌సైటు పేరు ఆయన పేరు మీదే రిజిస్టరై ఉంటుంది. మూడు నెలలకొకసారి బ్యాకప్‌ను నిజంగా వేరే యంత్రం మీద ఎక్కించి చూస్తాను. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తోటి వృత్తివాళ్ళు కొందరు నన్ను హెచ్చరించారు. "తాళంచెవి నీ దగ్గరుంటేనే పార్టీ నీ దగ్గరుంటాడు, అన్నీ ఇచ్చేస్తే రేపు నిన్నెందుకు పిలుస్తాడు?" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆ ఫైలు పట్టుకుని తక్కువకు చేసే మరొకరి దగ్గరకు వెళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. అది వాళ్ళ హక్కు. మిగిలినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నారు. వెళ్ళగలిగి కూడా వెళ్ళకుండా ఉన్నారు కనుక నా బిల్లు గురించి నాకు బెంగలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఫోను మోగినా నేను తీయలేని రోజు ఒకటి వస్తుంది. ఒక నర్సింగ్ హోములో రోగుల వివరాలు, ఒక సహకార సంఘంలో రైతుల అప్పుల లెక్కలు నేను ఉన్నానన్న నమ్మకం మీద నడుస్తున్నాయి. అందుకే రెండేళ్ళుగా ఇద్దరు కుర్రాళ్ళను వెంట తిప్పుకుంటున్నాను. మొదట వాళ్ళకు నేర్పింది ప్రోగ్రామింగ్ కాదు, ఫైలు రాయడం.

ఈ దారిలోకి రావాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. సాంకేతికత మీరు నాకంటే బాగా నేర్చుకుంటారు, అందులో అనుమానం లేదు. పని ఒప్పుకునే ముందు మాత్రం ఒక ప్రశ్న వేసుకోండి: "రేపు నేను లేకపోతే వీళ్ళ పని నడుస్తుందా?" జవాబు అవును అయ్యేదాకా పని పూర్తికాలేదని లెక్క. ఎవరు చదివినా అర్థమయ్యేలా రాయాలని మనకు ఇక్కడ నోట్సు దిద్ది నేర్పిన గురువులందరికీ ఈ స్వర్ణోత్సవ వేళ నా నమస్కారాలు.